యూఎస్‌బీ లాన్ అడాప్టర్ పెట్టాక నెట్ రావట్లేదు: మ్యాక్ అడ్రస్ మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మొన్న ఉరుములప్పుడు గాజువాకలో మా ఇంట్లో ల్యాప్‌టాప్ లాన్ పోర్టు (నెట్ వైరు పెట్టే చోటు) పోయింది. యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొని పెట్టాం. లైటు వెలుగుతోంది కానీ నెట్ రావట్లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "మీ పాత మ్యాక్ లాక్ అయి ఉంది, సోమవారం ఆఫీసు తీశాక మారుస్తాం" అన్నారు. ఆదివారం మా అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష ఉంది. మ్యాక్ అడ్రస్ మనమే మార్చుకోవచ్చని ఒక ఫ్రెండ్ చెప్పాడు. అలా చేయడం తప్పా? కంప్యూటర్ పాడవుతుందా? మారిస్తే హ్యాకర్ల బెడద కూడా ఉండదంటున్నారు, నిజమేనా?

సమాధానం:

టెన్షన్ పడకండి, మీ విషయంలో మార్చుకోవచ్చు. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌కి కలిసే ప్రతి పోర్టుకీ అడాప్టర్‌కీ ఫ్యాక్టరీలో వేసే గుర్తింపు నంబరు. కనెక్షన్ మీది, బిల్లు కట్టేది మీరు, పాత అడ్రస్ మీ ల్యాప్‌టాప్‌దే, ఆ పోర్టు ఎలాగూ చచ్చిపోయింది. కాబట్టి ఒకే అడ్రస్‌తో రెండు మిషన్లు నెట్‌వర్క్‌లో ఉండే ప్రమాదం లేదు, వేరేవాళ్ల గుర్తింపును మీరు వాడుకోవడమూ లేదు. కంప్యూటర్ పాడవదు. చిప్‌లో ఫ్యాక్టరీవాళ్లు రాసిన అడ్రస్ అలాగే ఉంటుంది. దాని బదులు ఈ అడ్రస్ వాడమని విండోస్ డ్రైవర్‌కి, అంటే అడాప్టర్‌ని నడిపే ప్రోగ్రాంకి, చెబుతుంది, అంతే. వద్దనుకుంటే ఒక్క నిమిషంలో పాతదానికి వచ్చేయవచ్చు.

అయినా ఆదివారం పరీక్షకి ఫోన్ హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉంచండి. ముందే ఒకసారి ల్యాప్‌టాప్‌కి కలిపి చూసుకోండి. పరీక్ష మొదలయ్యే పది నిమిషాల ముందు సెట్టింగుల్లో చెయ్యి పెట్టడం ఎవరికీ మంచిది కాదు.

విశాఖలో షాపులకీ అపార్ట్‌మెంట్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్కులు వేసే పని నాది. ఉరుముల కాలం వచ్చిందంటే మీలాంటి ఫోన్లు వరుసగా వస్తాయి. స్తంభం మీదో మేడ మీదో ఉన్న స్విచ్ (చాలా లాన్ వైర్లని కలిపే నెట్‌వర్క్ పెట్టె) నుంచి రాగి లాన్ వైరు నేరుగా ఇంట్లోకి దిగే కనెక్షన్లలో పిడుగు దగ్గర్లో పడితే ఆ ఎగదన్నిన కరెంటు వైరు వెంట వచ్చి ముందు పోర్టునే కొడుతుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో దీనికి ఉప్పుగాలి తోడు, పోర్టులో పిన్నులు పచ్చబడి కాంటాక్టు పోతుంది. ఏది పోయినా జనం చేసేది ఒకటే, యూఎస్‌బీ అడాప్టర్ కొనడం. కొత్త అడాప్టర్ అంటే కొత్త మ్యాక్ అడ్రస్. ఆపరేటర్ సర్వర్‌లో రాసి ఉన్నది పాతది. అది తెలియని మిషన్‌కి నెట్ ఇవ్వదు. దీన్నే మ్యాక్ లాక్ అనీ మ్యాక్ బైండింగ్ అనీ అంటారు. ఒక ఇంటి కనెక్షన్‌ని పక్కింటివాళ్లు వాడకుండా పెట్టుకున్న ఏర్పాటు అది.

మార్చే ముందు అసలు సమస్య అదేనా కాదా చూసుకోండి. లైటు వెలుగుతోందంటే వైరు బాగానే ఉంది. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ ఆల్ అని కొట్టండి. అడాప్టర్ ఐపీ అడ్రస్ (నెట్ వాడటానికి మిషన్‌కి ఇచ్చే చిరునామా) 169.254తో మొదలైతే ఆపరేటర్ వైపు నుంచి ఐపీ రాలేదన్నమాట, మ్యాక్ లాక్‌లో మామూలుగా కనిపించేది అదే. మంచి ఐపీ వచ్చినా లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ తీసుకోకపోతే లాక్ లాగిన్ దగ్గర ఉందని అర్థం. అప్పుడు కూడా పాత మ్యాక్ పెడితే సాధారణంగా పని జరుగుతుంది. ఇది చదువుతున్న వేరేవాళ్ల ఇంట్లో ఫైబర్ బాక్స్ ఉండి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ బాక్స్‌లోనే పెట్టి ఉంటే సంగతి వేరు. ఆపరేటర్‌కి కనిపించేది బాక్సే, వెనకున్న ల్యాప్‌టాప్ కాదు. అలాంటిచోట ల్యాప్‌టాప్ మ్యాక్ మార్చి లాభం లేదు.

ఇక పాత అడ్రస్ సంపాదించాలి. పోర్టు కాలినా చాలాసార్లు చిప్‌కి ప్రాణం ఉంటుంది. అలా ఉంటే ఇందాకటి కమాండ్‌లోనే ఈథర్‌నెట్ పేరు కింద ఫిజికల్ అడ్రస్ అని పన్నెండు అక్షరాల నంబరు కనిపిస్తుంది. రెండు ఈథర్‌నెట్‌లు కనిపిస్తే కంగారు పడకండి, డిస్క్రిప్షన్ వరసలో యూఎస్‌బీ అని ఉన్నది కొత్త అడాప్టర్, రెండోది పాతది. చిప్ పూర్తిగా పోతే ఆ వరసే రాదు. అప్పుడు ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదో, బయోస్‌లోనో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ), కొన్నప్పటి అట్టపెట్టె మీదో వెతకాలి. అన్నిటికన్నా తేలిక దారి ఆపరేటర్‌ని అడగడం. "లాక్ అయిన మ్యాక్ ఏదో చదివి చెప్పండి" అంటే చెబుతారు, అది వాళ్ల స్క్రీన్ మీదే ఉంటుంది. అడిగితే ఇంకో లాభం, మీరు చేయబోయేది వాళ్లకి తెలిసే జరుగుతుంది.

నంబరు దొరికాక డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద యూఎస్‌బీ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్లండి. ఎడమవైపు జాబితాలో నెట్‌వర్క్ అడ్రస్ అనో లోకల్లీ అడ్మినిస్టర్డ్ అడ్రస్ అనో ఉంటుంది. కుడివైపు నాట్ ప్రెజెంట్ అని ఉన్నచోట వాల్యూ ఎంచుకుని పన్నెండు అక్షరాలూ మధ్యలో గీతలు, చుక్కలు లేకుండా వరసగా కొట్టి ఓకే చేయండి. అడాప్టర్ ఒక్కసారి ఆగి మళ్లీ లేస్తుంది. ఐపీకాన్ఫిగ్‌లో ఫిజికల్ అడ్రస్ మారిందో లేదో చూసుకోండి. మారితే వైరు ఒకసారి తీసి పెట్టండి. కంప్యూటర్ ఆపి వేసినా ఈ మార్పు పోదు, విండోస్ దాన్ని రిజిస్ట్రీ అనే తన సెట్టింగుల ఖాతాలో దాచుకుంటుంది.

కొన్ని అడాప్టర్లకి ఆ ఆప్షనే కనిపించదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. విండోస్ తనంతట తాను వేసుకునే డ్రైవర్‌లో కొన్నిసార్లు ఆ వరస ఉండదు. డివైస్ మేనేజర్‌లో చిప్ పేరు చూసి, రియల్‌టెక్ అయినా ఏసిక్స్ అయినా, ఆ కంపెనీ సైట్ నుంచి అసలు డ్రైవర్ దించుకుని వేస్తే ఎక్కువసార్లు వచ్చేస్తుంది. ఊరూ పేరూ లేని సైట్లలో దొరికే మ్యాక్ మార్చే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లకండి. విండోస్‌లోనే ఉన్న పనికి తెలియని ప్రోగ్రాంకి అడ్మిన్ హక్కులు ఇవ్వాల్సిన అవసరం లేదు.

లైనక్స్ వాడేవాళ్లకి ఇంకా సులువు. ఉబుంటులో కనెక్షన్ సెట్టింగుల్లో ఐడెంటిటీ ట్యాబ్‌లో క్లోన్డ్ అడ్రస్ అని గడి ఉంటుంది, అందులో రాస్తే ఆ కనెక్షన్‌కి ఎప్పుడూ అదే ఉంటుంది. టెర్మినల్‌లో ఐపీ లింక్ కమాండ్‌తో మార్చేది మాత్రం రీస్టార్ట్ చేస్తే పోతుంది.

వైఫైకి కూడా ఇలాగే పాత నంబరు పెడదామని చూస్తే విండోస్‌లో చాలా కార్డులు ఒప్పుకోవు. నంబరు కొట్టనిస్తుంది, ఓకే అంటుంది, అడ్రస్ మాత్రం మారదు. ఇందుకు కారణం తెలుసుకుంటే చాలా సమయం మిగులుతుంది.

మ్యాక్ అడ్రస్ 48 బిట్ల సంఖ్య, ఒక్కో బిట్ సున్నా గానీ ఒకటి గానీ అవుతుంది. దాన్ని 16 అంకెల లెక్కలో, అంటే సున్నా నుంచి తొమ్మిది, ఆపైన ఎ నుంచి ఎఫ్ వరకు వాడి, పన్నెండు స్థానాల్లో రాస్తాం. మొదటి ఆరు స్థానాలు తయారీదారుకి ఐఈఈఈ అనే సంస్థ కేటాయించినవి, మిగతా ఆరు ఆ కంపెనీ తన కార్డులకి తానే వేసుకునేవి. మొత్తం 281 లక్షల కోట్లకు పైగా అడ్రస్‌లు వస్తాయి. మొదటి రెండు స్థానాలు కలిస్తే ఎనిమిది బిట్లు. వాటిలో చిట్టచివరి బిట్ సున్నా అయితే ఆ అడ్రస్ ఒక్క మిషన్‌ది, ఒకటి అయితే ఒక గుంపుది. దాని ముందు బిట్ సున్నా అయితే ఫ్యాక్టరీ ఇచ్చిన అడ్రస్, ఒకటి అయితే మనం సొంతంగా పెట్టుకున్నది. ఈ రెండు షరతులూ కలిపితే సొంతంగా పెట్టుకునే అడ్రస్‌లో రెండో స్థానం 2, 6, ఎ, ఇ ఈ నాలుగింటిలో ఒకటి అయి తీరాలి. ఉదాహరణకి 02-14-35-70-28-96 సరైన సొంత అడ్రస్. అదే 01తో మొదలుపెడితే అది గుంపు అడ్రస్ అవుతుంది, కార్డు తీసుకోదు. విండోస్ వైఫై డ్రైవర్లు చాలావరకు ఆ నాలుగు అక్షరాలనే ఒప్పుకుంటాయి. లాన్ కార్డులకి ఆ పట్టింపు లేదు. అందుకే మీ పని అడాప్టర్ మీద అవుతుంది, వైఫై మీద కాకపోవచ్చు.

ఎప్పుడైనా ఊరికే కొత్త అడ్రస్ పెట్టుకోవాలనిపిస్తే 02తో మొదలుపెట్టి మిగతావి మీ ఇష్టం వచ్చినవి వేసుకోండి. ఏ కంపెనీ పేరు మీదా ఉండదు, ఎవరి కార్డుతోనూ కలిసే అవకాశం దాదాపు లేదు. ఏదో కంపెనీ నంబర్లు తీసుకుని చివర అంకె మార్చే అలవాటు వద్దు.

ఒకే నంబరు రెండు మిషన్లకి ఉంటే ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే మ్యాక్ మార్చాల్సిన అసలైన కారణాల్లో ఇది ఒకటి. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్‌ల లాన్ పోర్టులు పోయి ఒకే లాటు చౌక యూఎస్‌బీ అడాప్టర్లు కొన్నారు. కిటికీ పక్క సిస్టమ్‌లో వీడియో నడుస్తుంటే గోడవైపు సిస్టమ్‌లో పేజీ తిరుగుతూనే ఉంటుంది. గోడవైపు కుర్రాడు పేజీ మళ్లీ నొక్కితే అతనికి వస్తుంది, కిటికీ పక్క వీడియో ఆగిపోతుంది. వైర్లు మార్చారు, స్విచ్ మార్చారు, నెట్ ప్లాన్ కూడా పెంచారు. నేను రెండిట్లోనూ ఐపీకాన్ఫిగ్ కొట్టి పక్కపక్కన పెట్టి చూస్తే పన్నెండు అక్షరాలూ ఒకటే, రెండిటికీ రౌటర్ ఇచ్చిన ఐపీ కూడా ఒకటే. తయారీదారు డబ్బు మిగుల్చుకోడానికి ఒకే నంబరుతో లాటంతా వదిలేశాడు. స్విచ్ లోపల ఏ మ్యాక్ ఏ పోర్టులో ఉందో రాసుకునే పట్టిక ఉంటుంది. కిటికీ సిస్టమ్ మాట్లాడగానే "ఈ మ్యాక్ మూడో పోర్టులో ఉంది" అని రాసుకుంటుంది, గోడ సిస్టమ్ మాట్లాడగానే అది కొట్టేసి "ఏడో పోర్టు" అని రాసుకుంటుంది. ఎవరు ఆఖరున మాట్లాడితే ఇద్దరి డేటా వాళ్లకే పోతుంది. ఒక్కో సిస్టమ్‌కి 02తో మొదలయ్యే వేరువేరు అడ్రస్ పెట్టి, ఆ నంబరు కేస్ మీద స్టిక్కర్ రాసి అంటించాం. ఆ రోజుతో గొడవ తీరింది.

వర్చువల్ మిషన్లని, అంటే ఒక కంప్యూటర్ లోపల ప్రోగ్రాంలా నడిచే ఇంకో కంప్యూటర్‌ని, కాపీ చేసుకునేవాళ్లకి కూడా ఇదే జరుగుతుంది. కాపీతో పాటు మ్యాక్ కూడా వచ్చేస్తుంది. వాటిని నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో క్లోన్ చేసేటప్పుడు కొత్త మ్యాక్ ఇవ్వమనే ఆప్షన్ ఉంది, అది ఎంచుకోండి.

రౌటర్ మార్చినప్పుడు కూడా మీ సమస్యే వస్తుంది. పాత రౌటర్ మ్యాక్‌కి కనెక్షన్ లాక్ అయి ఉంటే కొత్త రౌటర్‌లో వాన్ (బయటి నెట్ వైపు) సెట్టింగుల్లో మ్యాక్ క్లోన్ అనే పేజీ ఉంటుంది, పాత రౌటర్ అడుగున ఉన్న నంబరు అక్కడ రాస్తే సాధారణంగా చాలు. దాదాపు అన్ని రౌటర్లలోనూ ఇది ఉంది. నిజానికి మీకూ నా సలహా ఇదే: వీలైనప్పుడు ఒక చిన్న రౌటర్ పెట్టుకోండి. ఆపరేటర్‌కి ఆ ఒక్క రౌటరే కనిపిస్తుంది, ఇంట్లో ల్యాప్‌టాప్ మారినా అడాప్టర్ మారినా ఎవరినీ అడగక్కర్లేదు. పైగా మళ్లీ ఉరుము కొడితే మొదట పోయేది రౌటర్, ల్యాప్‌టాప్ కాదు. ఉరుములప్పుడు వైరు తీసేయడం మాత్రం రౌటర్ ఉన్నా మానొద్దు.

లైసెన్సుల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. ప్లాంట్లకి డ్రాయింగులు చేసిచ్చే చిన్న ఆఫీసులు గాజువాక, ఆటోనగర్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్లు వాడే ఖరీదైన ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని లైసెన్సు ఫైల్‌ని ఆ సిస్టమ్ మ్యాక్‌కి కట్టేస్తాయి. మదర్‌బోర్డు పోయి కొత్తది వేస్తే లైసెన్సు చెల్లదంటుంది. అలాంటప్పుడు అమ్మినవాళ్లకి రాసి కొత్త మ్యాక్ మీద లైసెన్సు మార్పించుకోవడమే సరైన పద్ధతి. అది వచ్చేలోగా పని ఆగకుండా పాత మ్యాక్ పెట్టుకోవాలంటే వాళ్లని అడిగి పెట్టుకోండి. ఒకే లైసెన్సుని నాలుగు సిస్టమ్‌లలో నడపడానికి నాలుగిటికీ ఒకే మ్యాక్ పెట్టడం దొంగతనం. పైగా ఆ నాలుగూ ఒకే స్విచ్‌కి ఉంటే ద్వారకానగర్ ల్యాబ్ పరిస్థితే వస్తుంది.

ఇక మనం ఎక్కడికెళ్లామో ఎవరూ గమనించకుండా ఉండటం కోసం మార్చుకోవడం. ఇది న్యాయమైన కారణం, నేను పూర్తిగా సమర్థిస్తాను. ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉంటే అది చుట్టూ ఏ నెట్‌వర్కులున్నాయో అడుగుతూ తిరుగుతుంది. ఆ అడిగే సందేశంలో మ్యాక్ అడ్రస్ బహిరంగంగా ఉంటుంది. 2013లో లండన్‌లో రోడ్ల మీద పెట్టిన చెత్తడబ్బాల్లో ఒక కంపెనీ పరికరాలు అమర్చి, పక్కనుంచి నడిచేవాళ్ల ఫోన్ల మ్యాక్‌లు నమోదు చేసింది. గొడవై అక్కడి అధికారులు ఆపించారు. ఆ తర్వాత ఫోన్ కంపెనీలే మేలుకున్నాయి. ఐఫోన్లు 2014లో ఐఓఎస్ 8 నుంచి వెతికేటప్పుడు వేరే అడ్రస్ చూపించడం మొదలుపెట్టాయి. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఒక్కో వైఫైకి ఒక్కో అడ్రస్ చూపడం మామూలైపోయింది. విండోస్ 10, 11లలో వైఫై సెట్టింగుల్లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అనే స్విచ్ ఉంది. రోజూ మార్చమని కూడా పెట్టుకోవచ్చు. మాల్స్, హోటళ్లు, బస్టాండ్ల వైఫై వాడే ల్యాప్‌టాప్‌లో అది ఆన్ చేసి ఉంచండి. ఇదే అడ్రస్ మార్పు, కాకపోతే కంపెనీయే చేసి పెడుతోంది.

ఇంట్లో మాత్రం ఇది తలనొప్పి తెస్తుంది. అపార్ట్‌మెంట్ వైఫైలో అనుమతించిన మ్యాక్‌ల జాబితా పెట్టుకుంటే ఫోన్ కొత్త అడ్రస్‌తో వచ్చి బయటే నిలబడుతుంది. పిల్లల ట్యాబ్‌కి రాత్రి పదింటికి నెట్ ఆపేలా రౌటర్‌లో పెట్టినా, అడ్రస్ మారితే ఆ నియమం పట్టదు. మీ సొంత వైఫై పేరు మీద నొక్కి, ప్రైవసీలో ఫోన్ అసలు మ్యాక్ వాడమని పెట్టుకోండి. ఐఫోన్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్ ఆఫ్ చేయాలి. మార్పు ఆ ఒక్క వైఫైకే వర్తిస్తుంది, బయట మామూలుగానే దాగి ఉంటుంది.

హ్యాకర్ల బెడద పోతుందా అన్నారు. పోదు. మ్యాక్ అడ్రస్ దారిలో మొదటి రౌటర్ దాటి బయటకి పోదు. ఇంట్లో రౌటర్ లేకపోతే ఆ మొదటి రౌటర్ ఆపరేటర్‌ది, అందుకే మీ మ్యాక్ వాళ్లకి కనిపిస్తోంది. ఆర్టీసీలో హైదరాబాద్‌కి పార్సిల్ వేస్తే పెట్టె మీద రాసిన చిరునామా చివరిదాకా అదే ఉంటుంది, ఏ బస్సులో ఎక్కించాలో చెప్పే చీటీ మాత్రం డిపో డిపోకీ మారిపోతుంది. ఐపీ అడ్రస్ ఆ చిరునామా, మ్యాక్ ఆ చీటీ. మీ డేటా రౌటర్ దగ్గరకి చేరగానే మీ ల్యాప్‌టాప్ మ్యాక్ పక్కకి పోయి రౌటర్ మ్యాక్ వస్తుంది. ఆపైన ప్రతి మజిలీలోనూ మారుతుంది. వెబ్‌సైట్‌కి మీ మ్యాక్ తెలియదు. కాబట్టి మోసపు లింకులు, వైరస్‌లు, పాస్‌వర్డ్ దొంగలు, వీటిలో ఒక్కదానికీ మ్యాక్ మార్పు అడ్డు కాదు. విండోస్ అప్‌డేట్లు, రెండంచెల లాగిన్, జాగ్రత్తగా క్లిక్ చేయడం, వీటికి బదులు లేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఐపీ అడ్రస్‌ల కొత్త తరం అయిన ఐపీవీ6లో పరికరం తన ఐపీని తానే తయారు చేసుకునేటప్పుడు పాత పద్ధతిలో మ్యాక్‌ని అందులోనే కలిపేస్తుంది. అలా కలిసిన మ్యాక్ ఇంటర్నెట్ అంతా కనిపిస్తుంది. ఇప్పటి విండోస్, ఫోన్లు దాని బదులు యాదృచ్ఛిక సంఖ్య వాడతాయి కాబట్టి వాటి గురించి బెంగ లేదు. పాత ప్రింటర్లు, సీసీ కెమెరాల్లో ఇంకా పాత పద్ధతి ఉండొచ్చు. వాటికి బయటి నెట్ అవసరం లేకపోతే రౌటర్‌లోనే ఆపేయండి.

మ్యాక్‌ని ఎవరైనా మార్చుకోగలరు కాబట్టి, వైఫైకి మ్యాక్ జాబితా పెట్టుకుని అదే తాళం అనుకునేవాళ్లని చూస్తే నాకు భయం వేస్తుంది. వైఫైకి పాస్‌వర్డ్ ఉన్నా లోపలి డేటానే దాచిపెడుతుంది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పే మ్యాక్‌లు బయటకే కనిపిస్తాయి. పక్క ఫ్లాట్‌లో ఉన్నవాడు వాటిని చూసి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకోగలడు. రౌటర్ వైఫై సెట్టింగుల్లో ఉండే డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అనే రక్షణ పద్ధతి, పొడుగాటి పాస్‌వర్డ్, ఇవే అసలు తాళం.

తప్పా అని అడిగారు కదా. మీ మిషన్‌కి మీ పాత అడ్రస్ పెట్టుకోవడం, ఫోన్ ఇచ్చిన యాదృచ్ఛిక అడ్రస్ వాడుకోవడం రోజూ జరిగే మామూలు పనులు. వేరేవాళ్ల మ్యాక్ తీసుకుని వాళ్ల పేరుతో నెట్ వాడితే మాత్రం అది వేరే కథ. మన ఐటీ చట్టం 66సి సెక్షన్ ఇతరుల పాస్‌వర్డ్‌నే కాదు, వాళ్లని ప్రత్యేకంగా గుర్తించే దేన్నైనా మోసపూరితంగా వాడటాన్ని గుర్తింపు దొంగతనం అంటుంది. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. హాస్టల్‌లో పక్క గది కుర్రాడి మ్యాక్ పెట్టుకుని వాడి డేటా వాడేసే పిల్లలకి ఈ సంగతి చెప్పాలి. మ్యాక్ మారిస్తే ఎవరూ పట్టుకోలేరన్న భ్రమ కూడా వద్దు. రైల్వే స్టేషన్ వైఫైలో ఫోన్ నంబరుకి ఓటీపీ వచ్చాకే నెట్ ఇస్తారు, మీరెవరో అక్కడే తెలిసిపోయింది.

అమెరికాలో ఆరోన్ స్వార్ట్జ్ అనే ప్రతిభావంతుడైన ప్రోగ్రామర్ ఎంఐటీ అనే యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి లక్షల కొద్దీ పరిశోధనా వ్యాసాలు దించుకుంటుంటే అడ్డుకున్నారు. అతను మ్యాక్ మార్చి మళ్లీ కనెక్ట్ అయ్యాడు. 2011లో పెట్టిన నేరాభియోగ పత్రంలో ఆ మార్పుని కూడా, అడ్డంకిని దాటాలన్న ఉద్దేశానికి రుజువుగా రాశారు. విచారణ పూర్తి కాకముందే, 2013 జనవరిలో, 26 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కేసు పెట్టిన తీరు మీద నాకు బాధ ఉంది. కానీ ఒకరు ఆపాక అడ్రస్ మార్చి వెళ్లడాన్ని కేసు పెట్టేవాళ్లు ఎలా చూస్తారో దాంట్లో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే చెయ్యి పెట్టొద్దు. రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లో స్విచ్‌లలో పోర్ట్ సెక్యూరిటీ ఉంటే తెలియని మ్యాక్ కనిపించగానే ఆ పోర్టే మూసుకుపోతుంది. అడ్మిన్ వచ్చి తెరిచేదాకా మీ సీటు దగ్గర నెట్ ఉండదు, పైగా వివరణ రాయాలి. ఫోన్ ఐఎమ్ఈఐని (మొబైల్ నెట్‌వర్క్‌లో ఆ ఫోన్‌ని గుర్తించే నంబరు) మ్యాక్‌తో కలిపి ఒకటే అనుకోకండి. ఐఎమ్ఈఐ మార్చడం మీద 2017లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2023 టెలికాం చట్టంలో దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. సెల్ షాపులో ఎవరైనా మార్చిస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి.

సోమవారం ఆపరేటర్ ఆఫీసు తీశాక అడాప్టర్ అసలు మ్యాక్ వాళ్లకిచ్చి నమోదు చేయించండి. ఆ నంబరు అడాప్టర్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. లేకపోతే మార్చే ముందే ఐపీకాన్ఫిగ్‌లో చూసి ఫోటో తీసి పెట్టుకోండి. వాళ్లు నమోదు చేశామన్నాక డివైస్ మేనేజర్‌లో అదే చోటికి వెళ్లి నాట్ ప్రెజెంట్ ఎంచుకుంటే అడాప్టర్ తన సొంత అడ్రస్‌కి వచ్చేస్తుంది. ఇది బద్ధకించొద్దు. రేపు ల్యాప్‌టాప్ పోర్టు బాగు చేయించుకున్నారనుకోండి, పోర్టు ఒక స్విచ్‌కీ అడాప్టర్ అదే స్విచ్‌కీ పెడితే ఒకే నంబరు రెండై మళ్లీ మొదటికొస్తుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చి డ్రైవర్ మార్చినా మీరు పెట్టిన నంబరు ఎగిరిపోయి, ఒక రోజు పొద్దున్నే నెట్ ఎందుకు పోయిందో అర్థం కాదు.

శనివారం సాయంత్రమే మార్చి చూడండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఆ వరస కనిపించకపోతే డివైస్ మేనేజర్‌లో ఉన్న చిప్ పేరు, విండోస్ 10 ఆ 11 ఆ అన్నది ఇక్కడే రాయండి, ఆ రాత్రికే చూసి చెబుతాను.